ఆ పదహారు భాగాల్లో ముందు ఏది చదవాలి?

స్కూలు ల్యాబుల మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. టీచర్లు, ఒక తల్లి, ఒక ల్యాబ్ అటెండరు, ఒక రొయ్యల రైతు, ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి. అందరూ అడిగింది కెమికల్ సీసాతో పాటు వచ్చే సేఫ్టీ డేటా షీటు గురించే, అంటే ఆ కెమికల్ ప్రమాదాలు, జాగ్రత్తలు పదహారు భాగాల్లో చెప్పే కాగితం. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, పొడుగువి కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: కోనసీమలో ఒక జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. సప్లయర్ ఒక్కో సీసాకి పది పన్నెండు పేజీల ఇంగ్లిష్ కాగితాలు ఇచ్చాడు. పంచ్ చేసి ఫైల్లో పెట్టేశాను. ఇన్‌స్పెక్షన్‌లో ఫైలుందా అన్నారు, ఉందన్నాను, అక్కడితో అయిపోయింది. అసలు అందులో నేను చదవాల్సింది ఎంత?

మాస్టారూ, ఆ షీటు మీ ఒక్కరి కోసం రాసింది కాదండి. అదే కాగితం ఫ్యాక్టరీలో డ్రమ్ములు దించేవాడికీ, లారీ డ్రైవరుకీ, ఫైరింజన్ వాళ్లకీ, డాక్టరుకీ కూడా పనికిరావాలి, అందుకే అంత పొడుగు. రసాయనాల ప్రమాదాన్ని అన్ని దేశాల్లోనూ ఒకేలా చూపించడానికి ఐక్యరాజ్యసమితి 2003లో అచ్చువేసిన జీహెచ్‌ఎస్ పద్ధతిలో మొత్తం 16 భాగాలుంటాయి, వాటి వరుస మారదు. 4 అంటే ఎప్పుడూ ప్రథమ చికిత్స, 7 అంటే వాడకం, నిల్వ, 8 అంటే ఒంటికి ఏం తొడుక్కోవాలి, 10 అంటే దేనితో కలవకూడదు, 13 అంటే మిగిలింది ఎక్కడ పారబోయాలి. 14 రవాణా, 15 చట్టాలు. ఆ రెండూ మీరు నిశ్చింతగా వదిలేయండి.

మొట్టమొదట 1, 3 చూడండి. కాగితం మీ చేతిలో ఉన్న సీసాదేనా అన్నది అక్కడ తేలుతుంది. పేరొక్కటే చూస్తే చాలదు, ఒక్కో రసాయనాన్ని గుర్తుపట్టడానికి సీఏఎస్ నంబరని ఒకటి ఉంటుంది, దాన్ని సీసా లేబులుతో పోల్చండి. నీలంగా ఉండే మామూలు మైలుతుత్తం, అంటే నీరు ఉన్న కాపర్ సల్ఫేట్, 7758-99-8, నీరు పోయి తెల్లబడిన కాపర్ సల్ఫేట్ 7758-98-7. పేరు దాదాపు ఒకటే, షీట్లు వేరు. సల్ఫ్యూరిక్ ఆమ్లానికైతే 7664-93-9 ఉండాలి. ఇంకేదైనా ఉంటే సప్లయర్ మీకు పక్క స్కూలు కాగితం అంటగట్టాడన్నమాట.

తర్వాత గాఢత. చాలామంది జారిపోయేది ఇక్కడే. షీటు వచ్చింది 35 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి, పిల్లవాడి టెస్ట్ ట్యూబులో ఉండేది 1 మోలార్, అంటే మూడున్నర శాతం చిల్లర. గాఢ ఆమ్లం షీటు చూసి విలీన ఆమ్లానికి భయపడతాం, లేదా విలీనానికి అలవాటుపడ్డ చేత్తోనే గాఢ సీసా మూత తీస్తాం. రెండోది మరీ ప్రమాదం. చాలా షీట్లు అనుసరించే యూరప్ లెక్క ప్రకారం హైడ్రోక్లోరిక్ 25 శాతం దాటితే చర్మాన్ని కాలుస్తుంది, 10 నుంచి 25 మధ్య చికాకు పెడుతుంది, 10 కంటే తక్కువైతే చర్మానికి ఆ హెచ్చరిక కూడా ఉండదు. ఇప్పుడు కాస్టిక్ సోడా చూడండి. 2 శాతం దాటితే చాలు, అది కాల్చే పదార్థాల్లోకి వెళ్తుంది. 1 మోలార్ కాస్టిక్ సోడా అంటే 4 శాతం. అంటే పక్కపక్కన పెట్టిన రెండు బీకర్లలో, రెండిటి మీదా 1 ఎం (1 మోలార్) అనే రాసున్నా, ప్రమాదమైనది క్షారం. మన పిల్లలేమో యాసిడ్ అనగానే ఆమడదూరం జరిగి, కాస్టిక్ సోడా దగ్గర సబ్బునీళ్లలా చేతులు పెట్టేస్తారు. అది కంట్లో పడితే యాసిడ్ కంటే లోతుకి దిగుతుంది. టైట్రేషన్ చేయించేటప్పుడు పిపెట్ నోటితో పీల్చే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉందట, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇవి అయ్యాక 2వ భాగం. ఎర్ర గీతతో వజ్రం ఆకారంలో బొమ్మలు, వాటి పక్కన "డేంజర్" అనో "వార్నింగ్" అనో ఒక మాట. డేంజర్ పెద్దది, వార్నింగ్ దానికంటే తక్కువది. కింద హెచ్ అక్షరంతో అంకెలుంటాయి. 2తో మొదలైతే మంట, పేలుడు లాంటివి, 3తో అయితే ఒంటికి చేసే హాని, 4తో అయితే నీళ్లకి, చేపలకి. హెచ్ 314 అంటే చర్మం కాలుతుంది, కన్ను దెబ్బతింటుంది. హెచ్ 225 అంటే ఇట్టే అంటుకునే ద్రవం. హెచ్ 350 అంటే క్యాన్సర్ రావచ్చు. పీ అక్షరంతో ఉన్నవి ఏం చేయాలో చెప్పేవి. అన్నీ కంఠతా పట్టక్కర్లేదు, అంకె పక్కనే వాక్యం ఉంటుంది.

4వ భాగం మాత్రం ప్రయోగానికి ముందు రోజు చదవండి. పడ్డాక కాగితాలు తిరగేస్తుంటే కన్ను ఆగదు కదా. యాసిడ్, క్షారం మింగితే వాంతి చేయించకూడదని అందులో రాసి ఉంటుంది, మనవాళ్లు ముందు చేసేది అదే. చర్మం మీద యాసిడ్ పడితే దాన్ని విరిచేద్దామని సోడా రుద్దకూడదు, తడిసిన బట్టలు తీసేసి నీళ్లు పోస్తూనే ఉండాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు కడగమని చాలా షీట్లలో ఉంటుంది. పదిహేను నిమిషాలంటే ఎంతసేపో ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి, ఒక పాటకి మూడు రెట్లు. నిమిషానికి లీటరున్నర చొప్పున సన్నగా పోసినా 22 లీటర్లు కావాలి. కుళాయిలో కాలవ నీళ్లొచ్చే ఊళ్లలో, కరెంటు పోతే ట్యాంకు ఖాళీ అయ్యే ఊళ్లలో ఒక మంచినీళ్ల టిన్ను, కింద ట్యాప్ ఉన్నది, నిండుగా ల్యాబులో పెట్టుకోండి. అది ఇరవై లీటర్లు, లెక్కకి కాస్త తక్కువే, పక్కన ఇంకో రెండు మూడు సీసాల నీళ్లు ఉంచండి. దాన్ని స్టాఫ్ రూమ్ వాళ్లు తాగేయకుండా చూసుకోవడం మీ పని.

ఇదంతా ఒక్కో కెమికల్‌కి అరపేజీ తెలుగులో రాసి, బీరువా తలుపు లోపల అంటించండి. పేరు, గాఢత, బొమ్మ, మీద పడితే ఏం చేయాలి, దేని పక్కన పెట్టకూడదు. షీటు సీసా గురించి చెబుతుంది, మీ గదిలో ఎంతమంది పిల్లలున్నారో, తలుపు ఎటు తెరుచుకుంటుందో దానికి తెలియదు. ఆ ముక్క మీరే రాయాలి.

ప్రశ్న: మా దగ్గర ఉన్నవాటి మీద ఎమ్మెస్‌డీఎస్ అని ఉంది. కొత్తవాటి మీద ఎస్‌డీఎస్. రెండూ ఒకటేనా?

ఒకటే సంగతి, కొత్త పేరు. ఎమ్ అంటే మెటీరియల్, ఆ మాట తీసేసి సేఫ్టీ డేటా షీటు అన్నారు. పాతవాటిలో భాగాలు తక్కువ ఉండొచ్చు, 16 ఉన్నా 2, 3 తారుమారై ఉండొచ్చు. మన దేశంలో ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నిబంధనల్లో కూడా ఈ షీటు నమూనా 9వ షెడ్యూలుగా ఉంది, కాబట్టి ఇది నిన్న మొన్న విదేశాల నుంచి ఊడిపడ్డది కాదు. షీటు మీద సవరించిన తేదీ చూడండి. మరీ పాతదైతే కంపెనీ వెబ్‌సైట్లో సీసా మీది క్యాటలాగ్ నంబరు కొడితే కొత్తది ఊరికే దిగుతుంది.

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర. పాప పదో తరగతి, చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది. కాపర్ సల్ఫేట్ షీటు ఫోన్లో చూశాను, మింగితే హానికరం, కంటికి తీవ్ర హాని, నీటి జీవాలకు విషం అని ఉంది. ల్యాబు నుంచి మినహాయింపు అడగాలా?

అమ్మా, టెన్షన్ పడకండి. మైలుతుత్తం గురించి షీటు చెప్పింది నిజమే, కాకపోతే ఎంత అన్నది చూడాలి. 11వ భాగంలో ఎల్‌డీ50 అని ఒక అంకె ఉంటుంది. ప్రయోగంలో సగం ఎలుకలు చనిపోయే మోతాదు, కిలో బరువుకి ఇన్ని మిల్లీగ్రాములని. మనం రోజూ తినే ఉప్పుకి అది 3000. మైలుతుత్తానికి కంపెనీని బట్టి 300 నుంచి 500 దాకా రాస్తారు. అంటే ఉప్పు కంటే చాలా ఘాటైనదే గానీ, ముట్టుకుంటే పోయేది కాదు. ఉప్పు షీటు కూడా ఒకసారి తెరిచి చూడండి, కంట్లో పడితే కడగాలి, దుమ్ము పీల్చకూడదు అని అన్ని భాగాలూ నింపి ఉంటారు. కంపెనీ లాయర్లకి భయపడి రాసే వాక్యాలు కొన్ని ప్రతి షీటులోనూ ఉంటాయి, వాటిని, అసలు హెచ్చరికల్ని విడదీసి చూడటం అలవాటు మీద వస్తుంది.

మైలుతుత్తం విషయంలో అసలు హెచ్చరికలు రెండు. కళ్లు, నోరు. కళ్లద్దాలు పెట్టుకోమనండి, ల్యాబులో తినొద్దనండి, మిగిలిన నీలం నీళ్లు అందంగా ఉన్నాయని వాటర్ బాటిల్లో పోసుకుని ఇంటికి తేవొద్దనండి. బాత్రూం యాసిడ్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టే ఇళ్లు మన వైపు ఎన్ని లేవు, అదే అలవాటు పిల్లలకీ వస్తుంది.

మీ పాప ఆయాసానికి మాత్రం మైలుతుత్తం షీటులో జవాబు దొరకదు. షీటు సీసాలో ఉన్నదాని గురించి రాస్తుంది, ప్రయోగంలో కొత్తగా పుట్టే వాయువు గురించి రాయదు, రాసినా 10వ భాగం చివర ఒక్క ముక్క ఉంటుంది. ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాలు లేత ఆకుపచ్చగా అమాయకంగా ఉంటాయి, వేడిచేస్తే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. ఆయాసం ఉన్నవాళ్లకి అది కొంచెం పీల్చినా ఛాతీ పట్టేస్తుంది. లెడ్ నైట్రేట్ వేడిచేస్తే గోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడ్ పొగ. ఈ రెండూ పదో తరగతి పాఠంలో ఉన్నవే. మొత్తం ల్యాబు మానిపించొద్దు. మాస్టారిని కలిసి పాపకి ఆయాసం ఉందని చెప్పండి, ఇన్‌హేలర్ బ్యాగులో కాకుండా జేబులో ఉండేలా చూడండి, ఈ రెండు ప్రయోగాల రోజు గది బయట కిటికీ దగ్గర నుంచి చూస్తే చాలు.

ప్రశ్న: ల్యాబ్ అటెండరుని. ఇంగ్లిష్ అంతగా రాదండి. మాది లంక గ్రామం, గోదావరి పెరిగితే స్కూల్లోకి నీళ్లొస్తాయి. లేబుళ్లు చెమ్మకి ఊడిపోతున్నాయి. ఏ సీసా ఎక్కడ పెట్టాలో చెప్పండి.

ఈ ఉత్తరం చూసి సంతోషం వేసిందండి, ఎందుకంటే సీసాలు రోజూ చేత్తో పట్టుకునేది మీరు, సంతకాలు పెట్టేది వేరేవాళ్లు.

ఇంగ్లిష్ రాకపోయినా బొమ్మలు చదవచ్చు. చెయ్యి మీద, లోహం మీద చుక్కలు పడి తినేస్తున్నట్టు ఉంటే కాల్చేది. మంట బొమ్మ అంటే అంటుకునేది. వలయం మీద మంట ఉంటే అది వేరు, ఆ పదార్థం తాను కాలదు, పక్కనున్న మంటని ఎగదోస్తుంది, పర్మాంగనేట్, నైట్రేట్లు ఈ జాతి. పుర్రె తెలిసిందే. మనిషి ఛాతీలో నక్షత్రం ఉంటే నెమ్మదిగా, ఏళ్ల మీద లోపల పాడుచేసేది, వాసన లేదని నమ్మొద్దు. చచ్చిన చేప, ఎండిన చెట్టు అంటే నీళ్లలో కలపకూడనిది. ఆశ్చర్యార్థకం ఉంటే చికాకు, దురద. సిలిండరు బొమ్మ, బాంబు బొమ్మ స్కూళ్లలో అరుదు.

మంట బొమ్మవీ వలయం మీద మంటవీ ఒకే అరలో పెట్టకండి. యాసిడ్లు, క్షారాలు వేరువేరుగా పెట్టండి. అమ్మోనియా సీసా, హైడ్రోక్లోరిక్ సీసా పక్కపక్కన ఉంటే ఆ అరలో గ్లాసులన్నిటి మీదా తెల్లటి పొడి పేరుకుంటుంది, గుడ్డతో తుడిచినా మళ్లీ వారానికి వస్తుంది. మూతల సందుల్లోంచి వచ్చే రెండు ఆవిర్లు కలిసి నవాసాగరం అవుతుందన్నమాట. మీ బీరువాలో అలా కనిపిస్తే ఆ రెండిటినీ ఈ రోజే విడదీయండి. అక్షర క్రమంలో పేర్చే పద్ధతి వెతుక్కోవడానికి బాగుంటుంది గానీ పొరుగింటి గొడవలు దానికి తెలియవు.

ఇక వరద. బరువైన యాసిడ్ సీసాలు ఎప్పుడూ కింది అరలోనే ఉండాలి, కంటి ఎత్తుకి పైన పెడితే జారినప్పుడు మొహం మీద పడుతుంది. కింద పెడితే నీళ్లొస్తాయి. అందుకే ప్లాస్టిక్ టబ్బులో పెట్టి ఉంచండి, టబ్బుతో సహా ఎత్తేయచ్చు. నీళ్లు తగలకూడనివి వేరే ఉన్నాయి, సోడియం, కాల్షియం కార్బైడ్, మెగ్నీషియం పొడి, జింక్ పొడి, పొడి సున్నం. సోడియం కిరోసిన్‌లో మునిగి ఉంటుంది, ఆ సీసాలోకి వరద నీరు దిగితే హైడ్రోజన్ పుట్టి దానంతట అదే అంటుకుంటుంది. కార్బైడ్‌కి నీళ్లు తగిలితే వచ్చేది వెల్డింగ్ గ్యాసు. ఇవన్నీ ఒక చిన్న డబ్బాలో కలిపి, పైన "నీళ్లు తగలకూడదు" అని రాసి, ఎప్పుడూ పై అరలోనే ఉంచండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, రెండోది 13.75కి. మొదటిది వినగానే ఈ డబ్బా మేడ మీదకి, మేడ లేకపోతే ఎత్తున ఉన్న ఏ స్కూలుకో వెళ్లిపోవాలి. రెండోదాకా ఆగితే రిజిస్టర్లు, బియ్యం బస్తాలు, బెంచీలు అందరూ అవే మోస్తుంటారు, మీ డబ్బా ఎవరికీ గుర్తురాదు. 1986 వరద చూసినవాళ్లని అడగండి, చెబుతారు. అలాంటి పదార్థాలు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుకే. ఇసుక బకెట్లో తడి చేరకుండా మూత పెట్టండి, మన చెమ్మకి వానాకాలంలో అది ముద్దయిపోతుంది.

లేబుళ్లు పెన్సిలుతో రాసి పైన వెడల్పాటి ట్రాన్స్‌పరెంట్ టేపు అంటించండి, పెన్ను సిరా కారిపోతుంది. తెలుగులో పేరు, ఇంగ్లిష్‌లో పేరు, గాఢత, తెరిచిన తేదీ. కాస్టిక్ సోడా బిళ్లలు మూత సరిగ్గా లేకపోతే గాల్లో చెమ్మ పీల్చుకుని చిక్కటి ద్రవమైపోతాయి, నీళ్లనుకుని బీరువాలో చేత్తో తుడవొద్దు.

పేరు లేని సీసా దొరికితే మూత తీయొద్దు, వాసన చూడొద్దు, సింకులో పోయొద్దు. విడిగా పెట్టి మాస్టారికి చెప్పండి. పాత కాలేజీ ల్యాబుల నుంచి వచ్చిన సామాన్లలో పసుపురంగు పిక్రిక్ ఆమ్లం ఉంటే మరీ జాగ్రత్త. అది తడిగా ఉన్నంతకాలం ఫరవాలేదు, ఎండిపోతే పేలుతుంది, మూత చుట్టూ స్ఫటికాలు కనిపిస్తే ఆ సీసాని కదపకుండా గదికి తాళం వేసి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయించండి.

ప్రశ్న: భీమవరం వైపు ప్రైవేటు స్కూల్లో పని చేస్తున్నాను. 8వ భాగంలో ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని, పొగని బయటికి లాగేసే అర) వాడాలి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి అని ఉంటుంది. మాకున్నవి కిటికీలు, ఒక సీలింగ్ ఫ్యాను. ప్రయోగాలన్నీ మానేయాలా?

మానేయక్కర్లేదు మేడమ్, మార్చుకోవాలి. 8వ భాగం అడిగింది మీ దగ్గర లేకపోతే మూడు దారులు. పరిమాణం తగ్గించడం, గాఢత తగ్గించడం, పిల్లల చేత కాకుండా మీరే చేసి చూపించడం. లెడ్ నైట్రేట్‌ని రెండు గ్రాములు వేడిచేసే బదులు చిటికెడు, అదీ వరండాలో, గాలి పిల్లల వైపు నుంచి అవతలికి వీస్తున్నప్పుడు చేస్తే గోధుమ పొగ కనిపించడానికి అది చాలు. అదీ వీలు కాకపోతే వీడియో చూపించండి, సీసం సమ్మేళనాలు గర్భస్థ శిశువుకి హాని చేస్తాయని 2వ భాగంలోనే ఉంటుంది, స్టాఫులో గర్భిణులుంటే వాళ్లని దూరంగా ఉండమనండి. వియోగ చర్య చూపించడానికి సున్నపురాయి ఉంది, బేకింగ్ సోడా ఉంది, సీసమే కావాలని లేదు.

గ్లవ్స్ కంటే ముందు కళ్లద్దాలు కొనిపించండి. మేనేజ్‌మెంట్ డబ్బులిచ్చేది ఒక్కదానికే అయితే అదే. చేతికి పడ్డది కడిగితే పోతుంది.

అన్నిటికంటే మీ స్కూల్లో నాకు భయం వేసేది స్పిరిట్ ల్యాంపు. 9వ భాగంలో ఫ్లాష్ పాయింట్ అని ఒకటి ఉంటుంది, ఆ వేడికి పైన అయితే ద్రవం మీది ఆవిరి నిప్పు చూడగానే అంటుకుంటుందని. ఆల్కహాల్‌కి, అంటే మీ స్పిరిట్‌లో ఉండేదానికి, అది దాదాపు 13 డిగ్రీలు. మన డెల్టాలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు, అంటే ఏడాది పొడుగునా మీ స్పిరిట్ సీసా అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, బల్ల మీద పాకుతూ పక్క ల్యాంపు దాకా వెళ్తుంది. వెలుగుతున్న ల్యాంపులో, ఆర్పిన వెంటనే వేడిగా ఉన్న ల్యాంపులో స్పిరిట్ పోయడం చాలా స్కూళ్లలో చూస్తాం. ఉదయమే నింపేసి, పెద్ద సీసాని వేరే గదిలో పెట్టి తాళం వేయండి. ఫ్యాను ఆపండి, మంట ఊగి పిల్లల జడలకి తగులుతుంది.

ల్యాబ్ బాత్రూం కడిగే ఆయాకి ఒక మాట చెప్పండి, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లొద్దని. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. బ్లీచింగ్ పౌడర్ షీటులో 10వ భాగం చూడండి, మొదటి వరసలోనే యాసిడ్ పేరు ఉంటుంది.

ప్రశ్న: ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు ఉందండి. హైస్కూల్ ల్యాబ్ సింకు గొట్టం మా బోదెలోకే వస్తుంది. వాళ్ల కాపర్ సల్ఫేట్ షీటులో చచ్చిన చేప బొమ్మ ఉంది. మా రొయ్యకి ప్రమాదమా?

లెక్క వేసి చూద్దామండి. ఎకరం చెరువు, నాలుగడుగుల లోతు అంటే దాదాపు 49 లక్షల లీటర్లు. ఒక తరగతి మొత్తం వాడి పారబోసేది మహా అయితే 10 గ్రాముల మైలుతుత్తం, అందులో రాగి రెండున్నర గ్రాములు. అంత నీళ్లలో అది లెక్కలోకి రాదు. నాచు పోవడానికి కొందరు రైతులు చల్లేదే కిలోల్లో ఉంటుంది, నీళ్ల ఆల్కలినిటీని (క్షారగుణం కొలతని) వందతో భాగిస్తే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు, ఆల్కలినిటీ 50 కంటే తక్కువైతే అసలు వేయొద్దంటారు. అలాగని స్కూలు వాళ్ల మీద కోపం దేనికి అని మాత్రం అనను. బోదె చెరువంత కాదు, వేసవిలో మోకాలు లోతు కూడా ఉండదు, అక్కడ నిలిచిన నీళ్లలో పది గ్రాములంటే కప్పలకీ చేపపిల్లలకీ ఎక్కువే. పైగా సింకులో పోసేది రాగి ఒక్కటే అని ఎవరు చెప్పారు. సీసం, క్రోమియం, పాదరసం అయితే ఒక్క చుక్క కూడా బోదెలోకి రాకూడదు, అవి బురదలో ఉండిపోతాయి.

హెడ్‌మాస్టర్ గారిని కలిసి ఇలా అడగండి. రాగి నీళ్లన్నీ ఒక ప్లాస్టిక్ బకెట్లో పోగు చేసి, అందులో తుప్పు లేని ఇనప మేకులో, గిన్నెలు తోమే ఇనప పీచో వేసి రెండు రోజులు ఉంచాలి. నీలం రంగు పోయి, ఇనుము మీద ఎర్రటి రాగి పేరుకుంటుంది. ఇది వాళ్లు పాఠంలో చెప్పే స్థానభ్రంశ చర్యే, పిల్లల చేతే చేయించొచ్చు. సీసం, క్రోమియం ఉన్నవి విడిగా మూత సీసాల్లో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వాలి, 13వ భాగంలో అదే ఉంటుంది. గొడవ పెట్టుకోకండి, మీ పిల్లలూ అక్కడే చదువుతుంటారు.

ప్రశ్న: నేను తణుకులో తొమ్మిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి అగ్నిపర్వతం చేస్తున్నాను. అన్నయ్య కాలేజీ నుంచి నారింజ రంగు పొడి తెచ్చాడు, అంటిస్తే నిప్పురవ్వలతో ఆకుపచ్చ బూడిద వస్తుంది, చాలా బాగుంటుంది. షీటు అడగమని టీచర్ అన్నారు. అందులో ఏం చూడాలి?

అమ్మాయ్, నీ టీచర్‌కి ముందు నా నమస్కారం చెప్పు. ఆ పొడి అమ్మోనియం డైక్రోమేట్, సీఏఎస్ నంబరు 7789-09-5. షీటు తెరువు, 2వ భాగానికి వెళ్లు, బొమ్మలు లెక్కపెట్టు. పుర్రె ఉంటుంది, ఛాతీలో నక్షత్రం ఉంటుంది, కాల్చే బొమ్మ ఉంటుంది, వలయం మీద మంట, చచ్చిన చేప కూడా ఉంటాయి. హెచ్ 350 కనిపిస్తుంది, అది పైన ఎవరికో చెప్పాను చూడు. హెచ్ 330 అంటే పీలిస్తే ప్రాణం మీదకి వస్తుందని. ఆకుపచ్చ బూడిద అంత ప్రమాదం కాదు, కానీ కాలకుండా మిగిలిన నారింజ పొడి దాంతో పాటు ఎగిరి, ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్లల ముక్కుల్లోకి వెళ్తుంది. మా రోజుల్లో ప్రతి ఫెయిర్‌లోనూ ఇదే ఉండేది, అందరం చుట్టూ మూగేవాళ్లం, అప్పట్లో ఈ షీట్లు చూసినవాళ్లు లేరు.

పొడిని నువ్వు ముట్టుకోకు, చెత్తబుట్టలో వేయకు, డబ్బా మూత గట్టిగా పెట్టి అన్నయ్య చేతే కాలేజీ ల్యాబుకి తిరిగి పంపించు. అన్నయ్య నీ మీద కోప్పడితే ఈ పేజీ చూపించు. అగ్నిపర్వతానికి బేకింగ్ సోడా, వెనిగర్, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్, ఎర్ర రంగు చాలు. నురగ నెమ్మదిగా పొంగి కిందకి కారుతుంది. నిప్పురవ్వలు రావు, నిజమే. పక్కనే ఒక చార్టు పెట్టు, ఎడమవైపు డైక్రోమేట్ షీటులోని బొమ్మలు, కుడివైపు బేకింగ్ సోడా షీటులో ఆ చోట ఏముందో. ఖాళీగా ఉంటుంది. జడ్జిలు అడిగితే 16 భాగాలు వరసగా చెప్పు, వాళ్లలో సగంమందికి రావు.